నలభై రెండు గోళ్లరంగు సీసాలు

పంచాయతీ సమితి జీపు రేగులగూడెంలోకి వచ్చిందంటే మూడింటిలో ఒకటి జరగాలి. టీకాలైనా వేయాలి, ఎరువుల మీద ఉపన్యాసమైనా ఇవ్వాలి, లేకపోతే ఎవరినో ఒకరిని బదిలీ చేయాలి. అరవై ఒకటో సంవత్సరం కార్తీకమాసంలో ఆ జీపు మహిళా మండలి గది ముందు ఆగినప్పుడు బాలనర్సమ్మ మనసు నేరుగా మూడోదాని మీదికే పోయింది.

ఆమె మనసుకు అది అలవాటు. భర్త షోలాపురం మిల్లుకు పోయి వస్తానని ఆలేరు స్టేషన్లో రైలెక్కి పదిహేడేళ్లయింది. ఇంకా దిగలేదు. ఒక్కగానొక్క బిడ్డను భీవండిలో ఇచ్చారు. బిడ్డ దగ్గరినుంచి రెండేళ్లకొక ఉత్తరం వస్తుంది, అందులో సగం ఆలుమగల క్షేమమే. అప్పటినుంచీ ఎవరైనా చెప్పుల్లో కాలు పెడితే చాలు, మల్ల ఎప్పుడొస్తవని బాలనర్సమ్మ అడిగేస్తుంది.

ఇప్పుడామె భయమంతా నిర్మలమ్మ గురించి. నిర్మలమ్మ గ్రామసేవిక. నాలుగేళ్ల కిందట వచ్చి, బాలనర్సమ్మ ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుంది. నూలు చుట్టలకు చుట్టి వచ్చిన కాగితాలు చూసి తనంతట తాను అక్షరాలు కూడబలుక్కున్న ఈ ముసలామెకు ఆలేరు గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చిపెట్టేది ఆ పిల్లే. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే దీపం ముందు చదువుకునేవారు.

జీపు నుంచి బి.డి.ఓ.గారు దిగారు. వెనకాల జవాను ఒక చెక్కపెట్టె దించాడు. అది తెరిచేసరికి చుట్టూ చేరిన ఆడవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

"హైదరాబాదు నగరంలోని ఒక మహిళా క్లబ్బువారు మన వెనకబడిన సోదరీమణుల అభ్యున్నతికై నలభై రెండు సీసాల గోళ్లరంగు విరాళంగా ఇచ్చారు," అన్నారు బి.డి.ఓ.గారు.

సీసాల్లో కొన్ని సగం, కొన్ని పావు. ఒకదాని మూత మీద ఎవరివో వేళ్ల ముద్రలు ఇంకా ఉన్నాయి. నగరంలోని సోదరీమణులు వాడి వాడి విసుగెత్తిన రంగులన్నీ వెనకబడిన సోదరీమణుల దాకా వచ్చాయన్నమాట.

"గీ రంగు మేం పెట్టుకోవాల్నా సారూ?" అని అడిగింది బిక్షమ్మ, పేడ పిసికిన చేతులు చూపిస్తూ.

"గోళ్లకు కాదమ్మా. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, దాని మీద ఈ రంగు చుక్కలు వేస్తే పొరలాగా విచ్చుకుంటుంది. సూదితో గీతలు లాగి, అందులో మట్టి గురుగులు, ఈ చిన్న చిన్న ముంతలు, ముంచితే ఆ పూత గురుగుకు పట్టుకుంటుంది. విదేశాలలో గొప్ప కళ ఇది. మాఘమాసంలో ఆలేరులో ప్రదర్శన. నల్లగొండ నుంచి పెద్దలు వస్తారు." ఆయన నిర్మలమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఈ మహిళా మండలి కేంద్రం మీద పైవాళ్లకు నమ్మకం లేదు. ఇదీ దెబ్బతింటే కేంద్రం ఎత్తేస్తారు. మీరు వేరే ఊరు చూసుకోవలసి వస్తుంది."

గొంతు ఎంత తగ్గించినా బాలనర్సమ్మ చెవికి ఆ మాట తగలకుండా ఉండదు. ఆమె ముందుకు వచ్చి పెట్టె మీద చెయ్యి వేసింది.

"గీ సీసాలు నేను దాస్త సారూ. తాతల కాలంనుంచి రంగులు అద్దిన ఇల్లు మాది."

పెట్టెతో పాటు ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. దాన్ని చదవగలిగినవాడు ఊళ్లో రఘుపతి మాస్టరొక్కడే. ఆయన అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో మాట తెలుగులోకి దించుతుంటే, నిర్మలమ్మ రాసుకుని ఆడవాళ్లకు నేర్పింది. సీసాలు నిలువుగా పెట్టాలి, పడుకోబెట్టకూడదు. మూత బిగించే ముందు సీసా మెడ తుడవాలి, గాలి తగిలితే రంగు ఎండిపోతుంది. నిప్పుకు దూరంగా ఉంచాలి. ఊపకూడదు, అరచేతుల మధ్య పెట్టి దొర్లించాలి. చల్లగా, చీకటిగా ఉండే చోట దాచాలి.

"చల్లగ, చీకటిగ ఉండే జాగా మనింట్ల ఏడున్నది?" అని మరిది సిద్దిరాములు అడిగాడు. అడిగి నాలుక కరుచుకున్నాడు, ఎందుకంటే బాలనర్సమ్మ అప్పటికే అతని మగ్గం వైపు చూస్తూ ఉంది.

సాలెల ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటు మగ్గం గుంత. నేసేవాడు నేల మీద కూర్చుని, కాళ్లు ఆ గుంతలోకి దించి చెక్కలు తొక్కుతాడు. కండెల డబ్బాలో ఇసుక పోసి, నలభై రెండు సీసాలూ నిలువునా గుచ్చి, బాలనర్సమ్మ దాన్ని ఆ గుంతలో ఒక మూలకు దించింది.

"వదినె, నేను నేసుడా, గీ బుడ్లకు కావలి కాసుడా? జర కాలు కదిలిస్తె చాలు తగుల్తున్నయ్."

"మెల్లగ తొక్కు."

"మెల్లగ తొక్కితె చీర మెల్లగ వస్తది!"

"రానియ్యి. ఎవరు తరుముతాండ్రు?"

మూడోనాడే ఒక సీసా అతని మడమ కింద పగిలింది. మరునాడు ఆ ఎర్ర మడమతో బజారుకు పోతే కాటమయ్య కొట్టు ముందు అందరూ ఆపారు. "ఏం సిద్దిరాములన్నా, గీ వయసుల పారాణి పెట్టుకున్నవ్? పిల్ల ఏ ఊరిది?" అని అడిగారు. వారం రోజులు అతను పొద్దుగూకినాకే బయటికి పోయాడు.

తర్వాత తనిఖీలు మొదలయ్యాయి. పదిహేను రోజులకొకరు సమితి నుంచి వచ్చేవారు. మూతలు ఎవరూ తీయకుండా భద్రంగా ఉన్నాయా అని చూడటం వాళ్ల పని. అది తెలుసుకోవాలంటే మూత తీసి చూడటం కంటే మార్గమేముంది? గ్రామసేవికల మీద అధికారి ముఖ్యసేవికగారు వచ్చినరోజు నలభై ఒక్క మూతలూ తీసి వరసగా పెట్టింది.

"ఎవరూ తెరవలేదు కదా?"

"ఇప్పుడు మీరే తెరిచిండ్రమ్మా."

"నేను కాకుండా?"

"లేదమ్మా. గాలి తగిలితె ఎండిపోతదని కాగితంల ఉన్నదట. జర మూతలు పెడదమా?"

"తొందరెందుకు? నాణ్యత చూడాలి కదా," అని ఆమె ఎడమచేతి ఐదు వేళ్లకూ ఐదు రంగుల నాణ్యత చూసింది. ఆరేదాకా చెయ్యి చాచి కూర్చుని, కుడిచెయ్యి కూడా చూసింది. పోయేటప్పుడు 'సీసాలలో రంగు తగ్గుచున్నది, కారణము విచారించవలెను' అని రాసి పోయింది.

పుష్యమాసం వచ్చింది. నిర్మలమ్మను ఇరవై రోజుల శిక్షణకని నల్లగొండ పిలిచారు. ఆమె సంచి పట్టుకుని బస్సెక్కుతుంటే బాలనర్సమ్మ కిటికీ ఊచ పట్టుకుని బస్సుతో పాటు నాలుగడుగులు నడిచింది.

"ఇరవై రోజులే గద అవ్వా. మల్ల వస్త. రంగులు జర భద్రం."

ఆ ఏడు చలి ఎముకలు కొరికింది. నిర్మలమ్మ పోయిన మూడోరోజు తెల్లవారి బాలనర్సమ్మ మగ్గం గుంతలో చెయ్యి పెట్టి ఒక సీసా తాకింది. కప్పను ముట్టుకున్నట్టు చల్లగా తగిలింది. ఆమె ప్రాణం ఉసూరుమంది. చిన్నప్పుడు అత్తగారు నీలిరంగు కుండను ఎట్లా చూసుకునేదో గుర్తొచ్చింది. చలికాలం వస్తే ఆ కుండను పొయ్యి పక్కన వెచ్చటి బూడిదలో మెడదాకా పూడ్చి, పైన గోనె కప్పేది. నీలి చల్లబడితే చచ్చిపోతుంది. చచ్చిన నీలిలో ఎన్ని మునకలు వేసినా నూలుకు రంగు పట్టదు. ఆరోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

'చల్లగ దాచమన్న కాగితం రాసినోళ్లు రంగుతోని ఎన్నడు కాపురం చేసినట్టు లేరు,' అనుకుంది ఆమె. డబ్బా ఎత్తి, సీసాలను ఒక్కొక్కటిగా పొయ్యి పక్క బూడిదలో పాతి, మెడల దాకా కప్పి, పైన తన దుప్పటి పరిచింది. ఆ నాలుగురోజులూ తను వణికినా రంగులు వణకలేదు.

ఐదోరోజు ఒక మూత తిప్పింది. మూతతో పాటు సీసా మొత్తం పైకి లేచింది. గట్టిగా లాగితే కుంచె వచ్చింది, దానివెంట బెల్లంపాకంలాంటి తీగ మూరెడు సాగింది. రెండోదీ అంతే. పదోదీ అంతే. బాలనర్సమ్మ మిగతా సీసాల మీద దుప్పటి మళ్లీ కప్పేసింది. కళ్ల ముందు రంగులు కనబడలేదు. నిర్మలమ్మ పెట్టె కట్టుకోవడమే కనబడింది.

సిద్దిరాములు వచ్చి చూసి, "గ్యాస్‌నూనె పోద్దాం," అన్నాడు. ఒక సీసాలో ఆ కిరసనాయిలు పోస్తే రంగు విరిగిన పాలయింది. "అయితే నీళ్లు," అన్నాడు. రెండో సీసా అడుగున రాయి కట్టింది.

"ఇంక నీ వైద్యం సాలు!" అని, మిగిలిన వాటిలో ఒక సీసాను కొంగున కట్టుకుని ఆమె ఆలేరు బస్సెక్కింది. ఎవరిని అడగాలో తెలియదు. దవాఖాన ముందు కాసేపు నిలబడింది, కానీ అక్కడ మనుషులకే మందు లేదని బోర్డు పెట్టారు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఎక్కడినుంచో అదే వాసన వచ్చింది, ముక్కు మండించే గోళ్లరంగు వాసన. ఆ వాసన పట్టుకుని నడిచింది. ఒక రేకుల షెడ్డులో కిష్టయ్య అనే పెయింటరు లారీ తలుపు మీద నెమలిని దించుతున్నాడు.

"నాయినా, గీ రంగు జర చూస్తవా?"

కిష్టయ్య వాసన చూసి నవ్వాడు. "గిది మా లారీ రంగుకు చెల్లెలే అవ్వా. సీసా చిన్నగున్నదని సొగసు గంతే. ఏం చేసినవ్, గిట్ల గడ్డ కట్టింది?"

"పొయ్యి పక్కన బూడిదల పెట్టిన."

అతని చేతిలో కుంచె ఆగిపోయింది. "పొయ్యి పక్కనా? ఎన్ని?"

"నలభై ఒకటి."

"అవ్వా, ఇల్లు కాలలే, ఊరు కాలలే. ఇంటికి పోయినంక ముందుగాల దేవుని కాడ కొబ్బరికాయ కొట్టు. గిది పెట్రోలుకు మేనబావ." ఒక చిన్న బుడ్డిలో నీళ్లలాంటిది పోసి ఇచ్చాడు. "థిన్నర్ అంటరు. ఒక్కో సీసాల నాలుగు చుక్కలు, గంతే. మూత పెట్టి అరచేతుల నడుమ తిప్పు. ఊపితె బుడగలొస్తయ్. కరగకుంటె మల్ల రెండు చుక్కలు. ఆగమాగం చేయకు."

ఇంటికి వచ్చి ఆమె రెండురోజులు సీసాలను అరచేతుల మధ్య తిప్పింది, చలికి నీలుక్కుపోయిన పసిపిల్ల చేతులు రుద్దినట్టు. ముప్పై తొమ్మిది సీసాలూ బతికాయి. అప్పుడు పని చేసి చూసుకుంది. బావి నీళ్లలో చుక్క వేస్తే చలికి ముడుచుకుని గడ్డ కట్టింది. ఆ నీళ్లనే మధ్యాహ్నందాకా ఎండలో పెట్టింది. ఈసారి ఎర్రచుక్క పడగానే అంచులదాకా విచ్చుకుంది. దాని నడుమ ముత్యపు తెలుపు, దాని నడుమ మళ్లీ ఎరుపు. సూది తీసుకుని, చిటికి అద్దకంలో ముడులు కట్టి ముంచిన నూలులో రంగులు ఒకదాని ఒళ్లోకి ఒకటి ఎట్లా జారుతాయో అట్లా లాగింది. సున్నం పూసి ఆరబెట్టిన గురుగును మెల్లగా ముంచి, తేలిన తెట్టెను పుల్లతో పక్కకు తోసి, పైకి తీసింది.

అరవై ఏళ్లలో ఆమె చేతినుంచి అంత అందమైనది రాలేదు. మగ్గం మీద బట్ట పరాయివాళ్ల కొలతకు నేయాలి. ఇది ఎవరి కొలతా కాదు. ఆమె దాన్ని కొంగులో పెట్టుకుని రఘుపతి మాస్టరు దగ్గరికి పరుగెత్తింది.

మాస్టరు గురుగును తిప్పి తిప్పి చూసి, పెద్దగా నిట్టూర్చాడు.

"ఇంకేముంది బాలనర్సమ్మా. నిర్మలమ్మ పోయినట్టే."

"అదేంది సారూ? మంచిగ రాలేదా?"

"మంచిగ వచ్చింది, గందుకే. ఆలంపురంల కొత్తగ శిక్షణ కేంద్రం పెడ్తున్నరు. మంచిగ పని చేయించిన గ్రామసేవికను ప్రమోషన్ ఇచ్చి ఆడికి తీస్కపోతరట. గీ గురిగి చూసిండ్రంటె తెల్లారి ఆర్డరే."

"చెడ్డగ వస్తె కేంద్రం మూస్తమన్నరు గద?"

"మూస్తరు. చెడ్డగ వస్తె తీసేస్తరు, మంచిగ వస్తె తీస్కపోతరు. సర్కారు కంట్ల పడొద్దంటె నడుమ ఉండాలె." మాస్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నన్ను చూడు. పదకొండేండ్ల సంది ఇదే బడి. నాతోని వచ్చినోళ్లు ఎంతమంది ఎటెటు పోయిండ్రు! మంచిగ చెప్పినోణ్ణి జిల్లాకు తీస్కపోయిండ్రు, తాగి పండినోణ్ణి అడవికి పంపిండ్రు. నేను మంచిగ చెప్ప, చెడ్డగ చెప్ప. నా ఫైలు ఎవ్వడు తెరవడు."

బాలనర్సమ్మ గురుగును కొంగుతో కప్పేసింది. ఇంటికి పోయి, గడ్డివాములో చెయ్యి పట్టినంత లోపల దాన్ని దాచింది.

నడిమధ్యగా పని చేయడం ఎంత కష్టమో ఆ వారం ఆమెకు తెలిసొచ్చింది. చేతకానివాళ్లకు చెడగొట్టడం సులువు. చిన్నప్పటినుంచీ రంగులో మునిగిన చెయ్యి మాత్రం ఎంత వద్దన్నా మంచిదారి పడుతుంది. కావాలని సీసాలను ఊపింది, బుడగలు వచ్చేటట్టు. విచ్చుకున్న పొరను కాసేపు ఆరనిచ్చి, ముడతలు పడేటట్టు ముంచింది. మరీ అసహ్యంగా వచ్చిన వాటిని పగలగొట్టింది, కొంచెం బాగున్న వాటినీ పగలగొట్టింది. చివరికి అరవై గురుగులు మిగిలాయి. వాటిని చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు.

నిర్మలమ్మ తిరిగొచ్చి వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి చూసింది.

"మంచిగనే ఉన్నయ్ గాని అవ్వా... ఇంక జర మంచిగ రావా?"

"గా రంగులు గంతే బిడ్డా. వాడిన రంగులాయె."

ఆలేరు ప్రదర్శనలో రేగులగూడెం బల్ల ముందు నల్లగొండ పెద్దాయన సరిగ్గా పది లెక్కపెట్టేంతసేపు నిలబడ్డాడు. ఒక గురుగు తీసి, అడుగు చూసి, మళ్లీ పెట్టాడు. "ఫరవాలేదు," అన్నాడు. పక్క బల్లమీది పచ్చళ్లనూ అట్లాగే ఫరవాలేదన్నాడు. బి.డి.ఓ.గారు హాయిగా ఊపిరి పీల్చుకుని 'సంతృప్తికరము' అని రాసుకున్నారు. కేంద్రం ఎత్తేయరు. ఎవరినీ ఎటూ పంపరు.

తిరుగు ప్రయాణంలో ఎడ్లబండిలో బాలనర్సమ్మకు పాట వచ్చినంత పనైంది. ఎదురుగా నిర్మలమ్మ ఖాళీ పెట్టె మీద చెయ్యి వేసుకుని, మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఏమైంది బిడ్డా? అంత మంచిగ అయిపాయె గద?"

"ఏం మంచిగైంది అవ్వా? నల్లగొండల ట్రైనింగిచ్చినామె నన్ను పక్కకు పిలిచి చెప్పింది, పని జర కంటికి ఆనితె ఆలంపురం కేంద్రం నీకే అని. ఎనిమిదేండ్ల నౌకరీ. నేను చెప్పిందేదీ ఎక్కడ నిలబడలే. ఈసారన్న నిలబడ్తదనుకున్న. పది మందికి నేర్పే జాగాకు పోదమనుకున్న."

"నీకు... పోవాల్ననే ఉన్నదా?"

"ఉన్నది."

ఈ లెక్కలన్నింటిలో రఘుపతి మాస్టరు గానీ, బాలనర్సమ్మ గానీ ఒక్కసారైనా అడగని మాట అది. బండి ఊరి పొలిమేర దాటేలోపల ఆమె అంతా చెప్పేసింది. బూడిద, థిన్నర్, గడ్డివాము, బుడగలు, ఏదీ దాచలేదు. నిర్మలమ్మ విన్నది. తిట్టలేదు. ఇంటికి వచ్చి, ముందు గదిలో విడిగా పొయ్యి రాజేసుకుంది.

రెండురోజులు ఆ ఇంట్లో రెండు పొయ్యిలు మండాయి. గోడకు అవతల నిర్మలమ్మ దగ్గు కూడా వినబడుతుంది, మాట మాత్రం లేదు. షోలాపురం రైలు కూడా బాలనర్సమ్మకు ఇంత దూరం అనిపించలేదు. మూడోరోజు పొద్దున్నే ఆమె గడ్డివాములోంచి గురుగు తీసి, గుడ్డలో చుట్టి, నిర్మలమ్మకు చెప్పకుండా ఆలేరు సమితి ఆఫీసుకు పోయింది.

బి.డి.ఓ.గారు గురుగును చూశారు. కళ్లద్దాలు తీసి మళ్లీ చూశారు. "అబ్బ! ఇది ఎవరు చేశారు?"

"నేనే సారూ, నిర్మలమ్మ నేర్పితెనే. ఆలంపురం ఆమెనే పంపుండ్రి. తప్పు నాది, నేనే దాచిన."

ఆయన మొహంలో వెలుగు వచ్చినంత తొందరగా పోయింది. గురుగును టేబులు అంచుకు జరిపారు.

"ఎంత పని చేశావమ్మా! మొన్ననే సంతృప్తికరమని రాసి పైకి పంపాను. పెద్దాయన సంతకం కూడా అయింది. ఇప్పుడిది ఇంత బాగుందంటే మేము రాసింది అబద్ధమవదా?"

"మల్ల రాయొచ్చు గద సారూ?"

"ఒకసారి సంతృప్తికరమైంది ఆ సంవత్సరమంతా సంతృప్తికరమే. వచ్చే మాఘంలో ప్రదర్శనకు తీసుకురా. అప్పుడు చూద్దాం. ఇది మాత్రం ఇక్కడ పెట్టకు, లెక్కల్లో లేదు."

ఇంటికి వచ్చేసరికి నిర్మలమ్మ గడపలో నిలబడి ఉంది. సిద్దిరాములు చెప్పినట్టున్నాడు. బాలనర్సమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. అబద్ధమవుతుందన్న మాట దగ్గరికి వచ్చేసరికి నిర్మలమ్మకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. ఆమె గుడ్డ విప్పి గురుగును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"అవ్వా, నాకు నేర్పు."

"నువ్వే గద నేర్పేదానివి బిడ్డా?"

"కాగితంల ఉన్నది నేర్పిన. గిది రాదు నాకు. వచ్చే మాఘంల నా చెయ్యితోని చేసి చూపిస్త. పోతె గట్ల పోవాలె."

బాలనర్సమ్మ లేచింది. వెడల్పు గిన్నె నిండా నీళ్లు పోసి ఎండలో పెట్టింది. నీళ్లు వెచ్చబడ్డాక ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు.

"ఊపకు. రెండు చేతుల నడుమ పెట్టి తిప్పు. గట్ల... మెల్లగ. ఇగ చుక్క ఎయ్యి, నీళ్లకు దగ్గెరగ. సూది లోపలికి గుచ్చకు, మీద మీదనే లాగు."

నిర్మలమ్మ ముంచి తీసిన గురుగుకు ఒకవైపు రంగే పట్టలేదు, రెండోవైపు అంతా ముద్దైంది. దాన్ని చూడగానే బాలనర్సమ్మ ప్రాణం కుదుటపడింది. ఇంకా చాలా రోజులు పడుతుంది. అట్లా కుదుటపడినందుకు ఆమెకే సిగ్గేసింది. తలదించుకుని, సున్నం పూసిన మరో గురుగు ఎత్తి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఇంకొకటి ముంచు," అంది.